వెండితెర మీద నిర్గమకాండము: ‘ది ప్రిన్స్ ఆఫ్ ఈజిప్ట్’ బలాలు, లోపాలు

పాస్కా జాగరణ రాత్రి శ్రీసభ మనకు వినిపించే పాత నిబంధన పఠనాలు ఏడు. పరిస్థితిని బట్టి విచారణ గురువు వీటిలో కొన్నిటిని తగ్గించుకోవచ్చు. కాని ఒక్క పఠనాన్ని మాత్రం ఏ కారణం చేతనైనా వదలరాదని నియమం. అది నిర్గమకాండము 14వ అధ్యాయం. సముద్రం రెండు పాయలుగా చీలటం, యిస్రాయేలు ప్రజలు ఆరిన నేల మీద నడిచిపోవటం, వెంటాడి వచ్చిన ఫరో సైన్యం మునిగిపోవటం.

కొన్నేళ్ళ క్రితం ఆ రాత్రి పూజ ముగిసి కొవ్వొత్తులు సర్దుతున్న వేళ, పీఠ బాలకులలో ఒకడు, ఏడవ తరగతి చదివేవాడు, నా దగ్గరకు వచ్చి అడిగాడు. “ఫాదర్, ఫరో మోషేకి అన్న గదా! ఆ సంగతి పఠనంలో రాలేదేం?”

“అన్న కాదు నాయనా. ఎవరు చెప్పారు నీకు?”

“సినిమాలో చూశాను ఫాదర్.”

నవ్వుకున్నాను. ఆ నవ్వు ఎన్నాళ్ళో నిలవలేదు. కొద్ది వారాల తరువాత నేనే ఒక ప్రసంగంలో, నైలు నదిలో కొట్టుకొచ్చిన పసివాణ్ణి ఐగుప్తు రాణి ఎత్తుకున్నదని చెప్పాను. పూజ అయ్యాక ముందు వరుసలో కూర్చునే ఒక అవ్వ మెట్ల దగ్గర నన్ను ఆపి, “రాణి కాదు ఫాదర్, ఫరో కూతురు” అన్నది. ఆమెకు చదువు రాదు. చిన్ననాడు ఉపదేశిగారు చెప్పగా విన్నదే ఆమె బైబులు. గురువిద్యాలయంలో ఏళ్ళ తరబడి చదివిన నా తలలోకి మాత్రం దివ్యగ్రంథాన్ని నెట్టి సినిమా వచ్చి కూర్చుంది. అందుకే ఈ వారం ఆ సినిమా గురించి వ్రాయదలచాను.

‘ది ప్రిన్స్ ఆఫ్ ఈజిప్ట్’ 1998 డిసెంబరులో విడుదలైన అమెరికన్ యానిమేషన్ చిత్రం, అంటే మన వాడుకలో బొమ్మల సినిమా. స్టీవెన్ స్పీల్‌బర్గ్, జెఫ్రీ కాట్జెన్‌బర్గ్, డేవిడ్ గెఫెన్ అనే ముగ్గురు 1994లో స్థాపించిన డ్రీమ్‌వర్క్స్ సంస్థ దీన్ని తీసింది. బ్రెండా చాప్‌మన్, స్టీవ్ హిక్నర్, సైమన్ వెల్స్ కలిసి దర్శకత్వం వహించారు. సంగీతం హాన్స్ జిమ్మర్, పాటలు స్టీఫెన్ ష్వార్ట్జ్. ఇందులోని ఒక పాటకు 1999లో ఆస్కార్ బహుమతి వచ్చింది. పాతికేళ్ళు దాటినా పిల్లలు దీన్ని ఇంకా చూస్తూనే ఉన్నారు. తీసినవారు యూదు, క్రైస్తవ, ముస్లిం పండితులను ముందుగా సంప్రదించారు. కథలో కొంత స్వేచ్ఛ తీసుకున్నామనీ, అసలు కథ నిర్గమకాండములో ఉన్నదనీ సినిమా మొదట్లోనే తెర మీద వేసి చెప్పారు. నిజాయితీగల పనే. అయితే ఆ మాటలు ఆగి చదివే ఓపిక పిల్లలకు ఎక్కడిది?

మంచితోనే మొదలు పెడతాను. బొమ్మల సినిమా అనగానే మనకు తోచేది నవ్వించే జంతువులు, కొట్లాటలు, చివరికి పెళ్ళి. ఇందులో తొలి దృశ్యమే వేరు. ఎండలో ఇటుకలు మోస్తున్న బానిసలు, వీపుల మీద కొరడాలు, ఇండ్లలో చొరబడి పసివాళ్ళను లాక్కుపోతున్న సైనికులు. ఒక తల్లి బిడ్డను బుట్టలో పెట్టి నీటి మీద వదులుతుంది. ఆ బుట్ట మొసళ్ళ మధ్య నుండి, నీటి ఏనుగుల మధ్య నుండి, చేపల వలల పక్కగా, పెద్ద ఓడల కింద నుండి తేలిపోతుంటే మన గుండె కూడా దానితో పాటే తేలుతుంది. గ్రంథంలో రెండు వాక్యాలలో ముగిసిపోయే సంగతి ఇది. ఆ రెండు వాక్యాల నడుమ ఒక తల్లి పడిన భయం ఎంతటిదో ఈ చిత్రకారులు చూపించారు. ఫ్రెంచి చిత్రకారుడు గుస్తావ్ డోరే గీసిన పాత బైబులు బొమ్మలు మీలో కొందరు చూసే ఉంటారు. మనుషులు చీమల్లా, కట్టడాలు కొండల్లా ఉంటాయి. ఈ చిత్రానికి ఆయన బొమ్మలు ఒక మాదిరి. బానిసత్వమంటే ఏమిటో ఆ కొలతలే చెప్పేస్తాయి.

అన్నిటి కంటే నాకు గొప్పదిగా తోచినది మరొకటి. తాను హెబ్రీయుడనని తెలిసిన రాత్రి మోషే ఒక కల కంటాడు. ఆ కల ఐగుప్తు గోడల మీది చిత్రాల రూపంలోనే నడుస్తుంది. గోడ మీది బొమ్మలే కదులుతాయి, సైనికులవుతాయి, పిల్లలను ఈడ్చుకుపోతాయి. లేచి పరుగెత్తి వెళ్ళి చూస్తే, రాజభవనంలో ఒక గోడ మీద పసివాళ్ళను మొసళ్ళకు వేయించిన చిత్రం నిజంగానే ఉంది. ఇన్నేళ్ళూ అదే ఇంట్లో తిరిగిన మోషే దానిని ఎన్నడూ చూడలేదు. పెంచిన తండ్రి సేతి వచ్చి ఓదార్చబోయి, పోయినవాళ్ళు కేవలం బానిసలేగదా అన్న అర్థం వచ్చే మాట అంటాడు. ఆయన దుర్మార్గుడిలా అరిచి చెప్పడు. ప్రేమగా, వీపు నిమురుతూ చెప్తాడు. ప్రేమగల తండ్రి నోట అంత ఘోరమైన మాట అంత సహజంగా రావటం చూసి నేను ఉలిక్కిపడ్డాను. పాపం ఎప్పుడూ కొమ్ములు పెట్టుకుని రాదు. మన ఇళ్ళలో, మనం మర్యాదస్థులమనుకునే వాళ్ళ నోట, పనివాళ్ళ గురించి, తక్కువ కులం అనబడేవారి గురించి ఇలాంటి మాటలు ఎంత మెత్తగా దొర్లుతాయో మీరే గుర్తు చేసుకోండి.

ఇక ఫరో సంగతి. గ్రంథంలో ఈ రాజుకు పేరు లేదు. రామెసెసు అన్నది ఒక నగరం పేరుగా మాత్రమే మొదటి అధ్యాయంలో కనిపిస్తుంది. 1956లో సెసిల్ బి. డెమిల్ తీసిన ‘ది టెన్ కమాండ్‌మెంట్స్’ చిత్రంలో లాగే ఇందులో కూడా తండ్రికి సేతి అనీ, కొడుక్కి రామెసెసు అనీ పేర్లు పెట్టారు. మోషే, రామెసెసు ఒకే ఇంట్లో అన్నదమ్ములుగా పెరిగి, రథాల పందెంలో గుళ్ళు గోపురాలు పడగొట్టి, కలిసి తిట్లు తిన్నారన్నది పూర్తిగా కల్పన. మా పీఠ బాలకుడు పొరబడినది ఇక్కడే.

అయినా ఈ కల్పనను నేను తేలిగ్గా కొట్టిపారేయలేను. గురువిద్యాలయంలో తత్త్వశాస్త్రం చదివే రోజుల్లో మమ్మల్ని బాగా తికమక పెట్టిన ప్రశ్నలలో ఇదొకటి. నిర్గమకాండములో కొన్ని చోట్ల ఫరో తన గుండెను తానే బండ చేసుకున్నాడని ఉంటుంది, మరికొన్ని చోట్ల దేవుడే అతని గుండెను బండబారజేశాడని ఉంటుంది. దేవుడే చేస్తే ఫరో తప్పేమిటి? దేవుడు ఎవరిలోనూ చెడును పుట్టించడనీ, తనను తోసిపుచ్చే మనిషి నుండి తన కృపను ఉపసంహరించుకోవటమే ఆ మాటకు అర్థమనీ పునీత తోమాసు అక్వీనాసు వివరిస్తాడు. సమాధానం తృప్తికరమే. కాని బండబారే గుండె లోపల ఏం జరుగుతుందో ఆ వివరణలో మనకు కనబడదు. సినిమా దాన్ని కనబడేలా చేసింది. రథాల పందెం అయ్యాక సేతి కొడుకును సభలో నిలబెట్టి, గొలుసులో బలహీనమైన ఒక్క లంకె చాలు, మహా వంశం తెగిపోవటానికి అన్న భావం వచ్చే మాట అంటాడు. అంతే. ఆ ఒక్క మాట రామెసెసు జీవితాన్ని తినేస్తుంది. నీళ్ళు రక్తమైనా, మిడుతలు పొలాలను మేసినా, వడగండ్లు కురిసినా అతడు లొంగడు. లొంగితే తానే ఆ బలహీనపు లంకె. చనిపోయిన తండ్రి ఇంకా చూస్తున్నట్లే బ్రతుకుతాడు. చివరకు ఆ మొండితనానికి తన కొడుకునే అప్పజెప్తాడు.

వేసవి సత్యోపదేశ తరగతుల్లో మా విచారణ హాలులో ఒకసారి ఈ చిత్రాన్ని ప్రొజెక్టరు మీద చూపించాము. పిల్లలను తీసుకుపోవటానికి వచ్చిన ఒక తండ్రి వెనక నిలబడి సగం నుండి చూశాడు. పేరున్న కుటుంబం వాళ్ళది. పదవ తరగతి తప్పిన పెద్ద కొడుకుతో ఆయన మాట్లాడటం మానేసి అప్పటికి ఏడాది. అందరూ వెళ్ళాక, “ఆ రాజుగారు కొడుకును అంత మాట అనకుండా ఉండాల్సింది ఫాదర్” అన్నాడు. నేనేమీ అనలేదు. ఆయన కూడా మరేమీ అనలేదు.

బలాలలో ఇంకొకటి చెప్పి తీరాలి. కడపటి తెగులు రాత్రి. తొలిచూలు బిడ్డలు చనిపోతారు. సంగీతం ఆగిపోతుంది. తెల్లని వెలుగు లాంటిది వీధుల్లో పారుతూ వెళ్తుంది, ఒక్కొక్క ఇంటి నుండి ఊపిరి ఆగిన చప్పుడు మాత్రం వినిపిస్తుంది. గొఱ్ఱెపిల్ల రక్తం పూసిన గుమ్మాలను అది దాటిపోతుంది. తరువాత మోషే రాజభవనానికి వెళ్తాడు. కొడుకు శవాన్ని పరుండబెట్టిన రామెసెసు, ఇక మీరు పోవచ్చునని అంటాడు. మోషే కోరినది దొరికింది. అతడు బయటకు వచ్చి గోడకు ఆనుకుని కూలబడి ఏడుస్తాడు. గ్రంథంలో ఈ ఏడుపు లేదు. కాని గ్రంథం ఆత్మకు ఇది విరుద్ధం కాదని నేననుకుంటాను. యూదులు పాస్కా భోజనంలో పది తెగుళ్ళను తలచుకునేటప్పుడు గిన్నెలోని ద్రాక్షారసం నుండి పది చుక్కలు తీసివేస్తారు. శత్రువులు కూడా బాధపడ్డారు గనుక మన ఆనందపు గిన్నె నిండుగా ఉండరాదని దానికి వారు చెప్పుకునే అర్థం. సముద్రంలో ఐగుప్తీయులు మునుగుతుండగా దేవదూతలు పాట పాడబోతే, నా చేతి పనులు మునిగిపోతుంటే మీరు పాడతారా అని దేవుడు వారించాడన్న కథ కూడా వారి తల్మూదులో ఉంది. గెలిచినవాడు ఏడవటం పిల్లల సినిమాలలో ఎంత అరుదో మీకు తెలుసు.

ఇక లోపాలు. చిన్న చిన్న మార్పులను నేను పట్టించుకోను. ఫరో ఎదుట నిలిచేనాటికి మోషేకు ఎనభై ఏళ్ళు, అహరోనుకు ఎనభై మూడు అని గ్రంథం చెప్తుంది. సినిమాలో ఇద్దరూ వయసులో ఉన్నవాళ్ళే. బొమ్మల సినిమాకు ముసలి కథానాయకుడు పనికిరాడు, సరే. ఐగుప్తు మాంత్రికులిద్దరినీ హాస్యగాళ్ళను చేశారు. వాళ్ళ పాట కాస్త శ్రుతి మించింది. గ్రంథంలోని మాంత్రికులు ఒక దశలో చేతులెత్తేసి ఇది దేవుని పనేనని ఒప్పుకుంటారు. సినిమాలో ఆ ఒప్పుకోలు లేదు. పసివాళ్ళను చంపమన్న రాజాజ్ఞను ధిక్కరించిన మంత్రసానులు షిఫ్రా, పూవాలు కూడా లేరు. ఫరోకు పేరు పెట్టని గ్రంథం ఈ ఇద్దరు పేద స్త్రీల పేర్లు మాత్రం జాగ్రత్తగా వ్రాసి ఉంచింది. సినిమా సరిగ్గా తలక్రిందులు చేసి, రాజుకు పేరు పెట్టి మంత్రసానులను మరచింది.

నన్ను నిజంగా నొప్పించిన మార్పు ఆ అవ్వ పట్టుకున్నదే. ఫరో కూతురు బిడ్డను ఎత్తుకున్నప్పుడు, చాటున నిలబడిన అక్క చొరవగా వెళ్ళి, పాలివ్వటానికి ఒక హెబ్రీయురాలిని పిలుచుకు రమ్మంటారా అని అడుగుతుంది. పిలుచుకు వచ్చింది కన్నతల్లినే. తన బిడ్డకు తాను పాలిచ్చి, అందుకు ఫరో ఇంటి నుండి జీతం పుచ్చుకున్న తల్లి ఆమె! మొత్తం గ్రంథంలోనే ఇంత కమ్మటి చమత్కారం అరుదు. మోషే తన జనాన్ని ఎరగటం ఆ పాలతోనే మొదలయిందని ఎందరో వ్యాఖ్యాతలు చెప్పారు. పెద్దవాడయ్యాక అతడు తనవారి దగ్గరకు బయలుదేరి వెళ్ళాడని గ్రంథం చెప్పటంలో ఆశ్చర్యం లేదు. సినిమాకు మాత్రం రహస్యం బయటపడే నాటకం కావాలి. అందుకని తల్లి పాలు తీసేసి రాణిని తెచ్చిపెట్టారు. మన తల్లులకు అత్యంత దగ్గరైన దృశ్యం అలా పోయింది.

దీనికంటే లోతైనది మోషే పాపం. గ్రంథంలో అతడు అటూ ఇటూ చూసి, ఎవరూ లేరని నిర్ధారించుకుని, ఐగుప్తీయుని చంపి ఇసుకలో పూడ్చిపెడతాడు. తెలిసి చేసిన హత్య, దాచిన హత్య. సినిమాలో ముసలి బానిసను కొడుతున్న అధికారిని ఆవేశంలో తోస్తే వాడు పరంజా మీద నుండి పడి చస్తాడు. అది ప్రమాదం. ఎవరూ మోషేను తప్పు పట్టలేరు. అలాగే మోషేకు మాట తిరగదు. నా నాలుక మందమైనది, ఇంకెవరినైనా పంపమని దేవునితో అతడు పెనుగులాడటం, దేవుడు కోపించి అహరోనును నోరుగా ఇవ్వటం గ్రంథంలో ఎంతో చోటు తీసుకుంటాయి. సినిమాలో ఆ సంకోచం క్షణాలలో ముగిసిపోతుంది. మోషే అనర్గళంగా మాట్లాడతాడు. తమ్ముని బదులు మాట్లాడవలసిన అహరోను తమ్మునే నమ్మని పిరికివాడవుతాడు. మచ్చలేని వీరుణ్ణి చూసి పిల్లలు చప్పట్లు కొడతారు, నిజమే. కాని పాపసంకీర్తనం గదిలో ఏళ్ళ తరబడి కూర్చునే నాకు తెలుసు, మనుషులకు ఊరటనిచ్చేది ఆ మచ్చలేని వీరుడు కాదు. హత్య చేసి పారిపోయినవాణ్ణి, నత్తివాణ్ణి, ముసలివాణ్ణి పొద దగ్గర పేరు పెట్టి పిలిచిన దేవుడు.

పొద దగ్గర వినిపించే దేవుని స్వరం గురించి నాకు ఇంకా నిశ్చయంగా తెలియదు. మోషేకు గొంతునిచ్చిన నటుడు వాల్ కిల్మర్ చేతనే దేవుని మాటలు కూడా పలికించారు. దేవుడు మనకు మన లోపలి స్వరంలాగే వినిపిస్తాడని వారి ఆలోచన. వినటానికి ఎంతో సున్నితంగా ఉంది. కాని నా లోపలి స్వరం నన్ను చాలాసార్లు మోసం చేసింది. మండే పొద నుండి వచ్చిన స్వరం మోషే కోరుకున్నది చెప్పలేదు, వద్దన్నది చెప్పింది.

బహుమతి పొందిన పాట విషయంలోనూ నాకు ఇలాంటి ఇబ్బందే. ఎంతో మధురమైన పాట. నమ్మితే అద్భుతాలు జరుగుతాయన్నది దాని సారం. ఎవరిని నమ్మితే? పాట చెప్పదు. క్రీడాపోటీల ముందు, పరీక్షల ముందు కూడా పాడుకోగలిగిన నమ్మకం అది. అయితే న్యాయంగా ఒకటి చెప్పాలి. ఆ పాట నడుమ పిల్లలు హెబ్రీ భాషలో కొన్ని పంక్తులు పాడతారు. అవి నిర్గమకాండము 15వ అధ్యాయంలో సముద్రం దాటాక మోషే, ప్రజలు పాడిన స్తుతిగీతం లోనివి. అక్కడ ప్రభువు పేరు స్పష్టంగా ఉంది. అర్థం తెలియని భాషలో అసలు విశ్వాసం దాగింది, అర్థమయ్యే భాషలో దాని నీడ మాత్రం మిగిలింది.

చివరి లోపం సినిమా ముగింపులో ఉంది. సముద్రం చీలే దృశ్యం చూసి తీరవలసిందే. నీటి గోడలో మెరుపు మెరిసినప్పుడు ఒక పెద్ద చేప నీడ కనబడుతుంది, జనం కింద నుండి వెలుగుతున్న దివిటీలతో నడిచిపోతుంటారు. అవతలి ఒడ్డున సిప్పోరా మోషేతో, నీ ప్రజలను చూడు, వారు స్వతంత్రులయ్యారని అంటుంది. ఆ వెంటనే మోషే పలకలతో కొండ దిగుతూ కొద్ది క్షణాలు కనబడతాడు. సినిమా అయిపోతుంది. నిర్గమకాండములో అధ్యాయాలు నలభై. సముద్రం దాటటం పదునాల్గవ దానిలో. మిగిలిన కథ ఏమయింది? దాటిన కొద్దినాళ్ళకే ఐగుప్తులో తిన్న మాంసపు కుండలను తలచుకుని సణిగిన జనం, నీళ్ళ కోసం మోషేను రాళ్ళతో కొట్టబోయిన జనం, బంగారు దూడ చుట్టూ ఆడిన జనం ఏమయ్యారు?

మోషే ఫరోను అడిగినది ఒట్టి విడుదల కాదు. ఎడారిలో దేవుని సేవించటానికి పంపమని అడిగాడు, మరల మరల అదే అడిగాడు. సినిమా మొదటి సగాన్ని పట్టుకుని రెండవ సగాన్ని వదిలింది. హెబ్రీ భాషలో బానిస చాకిరీకీ దేవుని ఆరాధనకూ ఒకే ధాతువు నుండి వచ్చిన మాటలు వాడతారు. కాబట్టి గ్రంథం అడిగే ప్రశ్న సేవ చేయాలా వద్దా అన్నది కాదు, ఎవరికి అన్నది. కట్లు తెగటంతో మనిషి సగం మాత్రమే స్వతంత్రుడవుతాడు. మద్యం మానిన మనిషిని అడగండి. మానిన రోజు కంటే ఆ తరువాతి సాయంత్రాలు ఎలా గడపాలన్నదే కష్టమంటాడు. ఆ సాయంత్రాల కథే సీనాయి, మన్నా, పది ఆజ్ఞలు. దానికి తెర మీద మెరుపులు చాలవు కాబోలు.

ఇంతా చెప్పి సినిమా చూడవద్దని అంటానా? లేదు. చూడండి, పిల్లలతో కలిసి చూడండి. గంటా నలభై నిమిషాల లోపే. మరీ చిన్నపిల్లలుంటే తొలిచూలు బిడ్డల దృశ్యం దగ్గర వాళ్ళను ఒళ్ళో కూర్చోబెట్టుకోండి, చీకట్లో ఒంటరిగా వదలకండి. సినిమాకు ముందు నిర్గమకాండము మొదటి రెండు అధ్యాయాలు ఇంట్లో ఎవరైనా బిగ్గరగా చదవండి, పట్టున పది నిమిషాలు పట్టదు. చూశాక 14 నుండి 17 వరకు, ఆపైన 32వ అధ్యాయం చదవండి. ఏది సినిమాలో ఉంది, ఏది లేదు అన్నది పిల్లలనే పట్టుకోమనండి. వాళ్ళు మనకంటే చురుకు. మా పీఠ బాలకుడు అలా చదివి తరువాతి ఆదివారం పూజకు ముందే పరుగెత్తుకొచ్చాడు. ఫరో సంగతి మరచిపోయాడు. వాడి కొత్త ప్రశ్న అహరోను గురించి. “దూడను చేసింది ఆయనే గదా ఫాదర్, మరి ఆయన్నే ప్రధాన యాజకుణ్ణి ఎలా చేశారు?”

గంట కొట్టే వేళయింది. పూజ అయ్యాక చెప్తానన్నాను.